వంగుడు సారు కనిపెట్టిన అమెరికా

అమెరికాను కనిపెట్టింది తాతయ్యే. అంతకుముందు ఎవరో ఓడలేసుకుని వెళ్లి ఒడ్డు చూసొచ్చారని పుస్తకాల్లో రాసుకున్నారు గానీ, ఒడ్డు చూడటంలో ఏముంది గొప్ప? ఓడ ఎక్కినవాడికి ఏదో ఒక ఒడ్డు తగలక మానదు. తాతయ్య ఓడ ఎక్కలేదు, విమానం ఎక్కలేదు. ఆ మాటకొస్తే బస్సెక్కినా కిటికీ పక్క సీటే కావాలి, కారణం చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి ఒక చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఆ దేశాన్ని లోపలినుంచి కనిపెట్టేశాడు. అక్కడి జనం గురించి అక్కడి జనానికే తెలియని సంగతి ఒకటి బయటపెట్టాడు. సాయంత్రమైతే అమెరికావాళ్లంతా వంగుతారు.

నవ్వకండి. దీని మీద నలుగురు డాక్టరేట్లు తీసుకున్నారు.

తాతయ్య ఉద్యోగంలో చేరేనాటికి ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో బ్రిటిష్ సాహిత్యం ఇంటికి పెద్దకోడలు. అమెరికా సాహిత్యం ఎవరో గుమ్మంలో వదిలి వెళ్లిపోయిన పిల్ల. స్టాఫ్‌రూములో ఫ్యాను కిందున్న కుర్చీలన్నీ బ్రిటిష్ మేష్టార్లవి. పొద్దున పూట తాజాగా తలదువ్వుకుని వచ్చిన విద్యార్థులు వాళ్లకి. భోజనాలయ్యాక కళ్లు మూతలు పడే వేళ మిగిలిపోయిన గంట అమెరికాకి. ఆ గంటని కొత్తగా చేరినవాడికి అంటగట్టారు. ఆ దేశం గురించి తాతయ్యకి అప్పటికి తెలిసింది ఒక్కటే, అక్కడ ఇంగ్లీషు మాట్లాడతారని. అది కూడా పూర్తిగా నిజం కాదని తెలియడానికి ఉద్యోగకాలమంతా పట్టింది.

లైబ్రరీలో అమెరికా అంటే ఒక్క అర. ఎవరో ఊరు మారుతూ వదిలించుకున్న పుస్తకాలు. వాటిలో అట్ట ఊడిపోయిన నవల ఒకటి తాతయ్య చేతికి తగిలింది. రాసినాయన పేరు ఆయన సొంత ఊరివాళ్లకైనా గుర్తుందో లేదో. కథ కూడా అంతంతమాత్రమే. ఒక చిన్న ఊరు, భర్త పోయిన ఒకావిడ, ఎదురుగా గడియారాలు బాగుచేసే దుకాణాయన, ఒక కుక్క. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా ఏమీ జరగదు. ఏమీ జరగని నవల పరిశోధనకు భేషుగ్గా ఉంటుంది. ఏదన్నా జరిగితే అదేమిటో చెప్పాల్సి వస్తుంది. ఏమీ జరగకపోతే ఏమైనా చెప్పుకోవచ్చు.

ఆ నవలలో ఒక వాక్యం మాటిమాటికీ వచ్చేది. సాయంత్రం కాగానే ఆవిడ వెళ్లి 'స్టూప్' మీద కూర్చుంటుంది. తాతయ్య లైబ్రరీలోని నిఘంటువు తీశాడు. అది బ్రిటిష్ మేష్టార్ల సొత్తు, వాళ్లకంటే పాతది. స్టూప్ అంటే వంగడం, నడుం వంపు అని ఉంది. వంపు మీద కూర్చోవడమేమిటి? మామూలు మనిషైతే అక్కడ ఆగి ఇంకో నిఘంటువు వెతికేవాడు. తాతయ్య మామూలు మనిషి కాదు, ఎం.ఏ. ఫస్ట్ క్లాసు. వ్యాసం రాశాడు.

పగలంతా నిటారుగా తిరిగే ఆ జాతి, పొద్దు వాలేసరికి తన అహంకారాన్ని దించుకుని వంగుతుందని, ఆ వంపు మీదే వాళ్ల ఆత్మ ఆసీనమై ఉంటుందని ఆ వ్యాసం సారాంశం. 'వంపులో' అనకుండా 'వంపు మీద' అని రచయిత ఎందుకన్నాడో చెప్పడానికి, ఆ వ్యాసం పెరిగి పుస్తకమైనప్పుడు, ఒక అధ్యాయం పట్టింది. ఆ అధ్యాయం ఎవరికీ అర్థం కాలేదు. దాంతో తాతయ్యకి ప్రమోషన్ వచ్చింది.

అడ్డుపడిన వాక్యాలు లేకపోలేదు. ఆవిడ ఒకచోట స్టూప్ ఊడుస్తుంది. తాతయ్య వెనక్కి తగ్గలేదు, తరతరాల బానిసబుద్ధిని ఊడ్చేస్తోందన్నాడు. కుక్క కూడా స్టూప్ మీదే పడుకుంటుంది. వినయం నోరులేని జీవాలకు కూడా పాకిందన్నాడు. ఒకరోజు క్లాసులో ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, ఇక్కడెవరో కుర్రాడు స్టూప్‌కి ఆకుపచ్చ రంగేశాడని ఉంది. నడుం వంపుకి రంగెలా వేస్తారు సార్?"

క్లాసంతా నిద్ర లేచింది. తాతయ్య సుద్దముక్క బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడిచి, మళ్లీ పెట్టుకుని అన్నాడు.

"అదేనమ్మా సింబాలిజం."

ఆ ఒక్క మాటతో ఒక తరం నోళ్లు మూతపడ్డాయి. ఆ అమ్మాయి ఎంత బాగా నమ్మిందంటే, తాతయ్య దగ్గరే చేరి 'వంపు: స్త్రీ' అని థీసిస్ రాసి, కాలక్రమంలో అదే డిపార్ట్‌మెంట్‌కి హెడ్డయింది. ఆమె తర్వాత 'వంపు: పల్లె' వచ్చింది, 'వంపు: యంత్రం' వచ్చింది, 'వంపు: కుక్క' కూడా వచ్చింది. పరీక్షలో 'వంపు గూర్చి విపులముగా చర్చింపుము' అన్న ప్రశ్న తప్పకుండా ఉండేది. గైడు కంపెనీవాళ్లు దానికి రెడీమేడ్ జవాబు అచ్చేసి అమ్ముకున్నారు. గైడు చవక, నవల దొరకదు. ఇంక నవల జోలికి ఎవరు పోతారు?

విద్యార్థులు తాతయ్యకి వంగుడు సారు అని పేరు పెట్టారు. స్టాఫ్‌రూములో బ్రిటిష్ మేష్టారు ఒకాయన రోజూ పలకరించేవాడు.

"ఏమయ్యా, మీ అమెరికావాళ్లు లేచారా, ఇంకా వంగే ఉన్నారా?"

"మీవాళ్లలాగా టీ కప్పు పట్టుకుని బిగుసుకుపోలేదు లెండి," అనేవాడు తాతయ్య.

ఇంట్లో పరిశోధన బిస్కెట్ డబ్బాల్లో ఉండేది. చిన్న చిన్న అట్టముక్కల మీద రాసి, డబ్బాల్లో సర్ది, అలమారా నిండా పేర్చాడు. ఇంటికి ఎవరన్నా వస్తే అమ్మమ్మ హడావుడిగా డబ్బా మూత తీసేది. లోపల 'కుక్క, వంపు, వినయం' అని ఉండేది.

"ఏవండీ, వచ్చినవాళ్లకి కుక్క వినయం పెట్టమంటారా?"

"ఆ డబ్బా ముట్టుకోకే! అందులో మూడో అధ్యాయం ఉంది."

"మరి బిస్కెట్లు ఏ అధ్యాయంలో ఉన్నాయో అదన్నా చెప్పండి."

ఇలా వంపు గురించి చెప్పీ చెప్పీ, పుస్తకాల మీదికి వాలీ వాలీ, రిటైరయ్యేనాటికి తాతయ్య నడుమే వంగింది. సిద్ధాంతాన్ని ఒంటికి పట్టించుకున్న మేధావి లోకంలో ఇంకొకరుంటే చూపించండి.

రిటైరయ్యాక శిష్యురాలు, అంటే ఇప్పటి హెడ్డు, గురువుగారి పేరు మీద పెద్ద సెమినార్ తలపెట్టింది. ఉత్త సెమినార్ కాదు. డిపార్ట్‌మెంట్‌లో వంపు అధ్యయన కేంద్రం ఒకటి మంజూరు కావాలి. మంజూరు చేసే పెద్దలు ముందు వరసలో కూర్చుంటారు. పక్కనే అచ్చమైన అమెరికానుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ కూర్చుంటుంది. ఆవిడ తలూపితే కేంద్రం వచ్చినట్టే. ప్రారంభోపన్యాసం తాతయ్యది.

ముందురోజు సాయంత్రం ఆ అమెరికా ఆవిడ తాతయ్యను చూడటానికి ఇంటికే వచ్చింది. పొడవాటి మనిషి, తెల్లజుట్టు, వీపున సంచి. కారు దిగి నాలుగడుగులు వేసి, ఇంట్లోకి రాకుండా వీధిగుమ్మం పక్కన అరుగు మీద చతికిలబడి, బూట్లు వదులు చేసుకుంటూ ఒక్క నిట్టూర్పు విడిచింది.

"వాట్ ఎ లవ్లీ స్టూప్!"

తాతయ్య పొంగిపోయాడు. ఇంతకాలం చేసిన కృషిని కారు దిగీ దిగగానే గుర్తుపట్టిన మనిషి! చేతులు వెనక్కి పెట్టుకుని, నడుం ఇంకొంచెం వంచి, వినయంగా ఇంగ్లీషులో అన్నాడు.

"వయసుతో వచ్చిందండీ."

"అవునా? నేను ఇంటితోపాటే వచ్చిందనుకున్నాను," అందావిడ.

ఇందులో ఏదో లోతైన భావం ఉండి ఉంటుందనుకుని తాతయ్య నవ్వాడు. ఆవిడ పక్కన ఉన్న సిమెంటు మీద అరచేత్తో తట్టింది. వాళ్ల అమ్మమ్మ ఇంట్లో కూడా అచ్చం ఇలాంటిదే ఉండేదట. ఎండాకాలం సాయంత్రాలు పిల్లలంతా దాని మీదే ఉండేవారట.

లోపలినుంచి టీ తెచ్చిన అమ్మమ్మ గుమ్మంలో ఆగింది. "ఏమంటోందండీ ఆవిడ?"

ఇంగ్లీషు వినగానే తెలుగులో చెప్పెయ్యడం తాతయ్యకి శ్వాస లాంటిది. ఆలోచించి చేసే పని కాదు.

"మన అరుగు బాగుందంటోంది. వాళ్ల అమ్మమ్మ వాళ్లింట్లో కూడా ఇలాంటి అరుగే..."

నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. తన నోట్లోంచి ఏం వచ్చిందో తాతయ్య తన చెవులతోనే విన్నాడు.

"అరుగేగా," అంది అమ్మమ్మ, "దానికంత మొహం పెట్టారేంటి?"

అమెరికా ఆవిడ ఎప్పుడు వెళ్లిందో, టీ తాగిందో లేదో తాతయ్యకి తెలియదు. అలమారాలోంచి అట్టలేని నవల తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒక్కో వాక్యం తాళంచెవి తిరిగినట్టు టకటకా తెరుచుకుంటోంది. నవల్లో ఆవిడ అరుగు మీద కూర్చుంది. అరుగు ఊడ్చింది. కుక్క అరుగు మీద పడుకుంది. కుర్రాడు అరుగుకి ఆకుపచ్చ రంగు వేశాడు, ఎందుకంటే పాతరంగు పెచ్చులూడింది. ఆ మాట పక్క వాక్యంలోనే ఉంది.

అమ్మమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. తాతయ్య పుస్తకంలోంచి తలెత్తలేదు.

"వంపూ లేదు, వల్లకాడూ లేదు. అరుగే అది."

విషయం అర్థమయ్యాక అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆయన మొహం చూసి ఆపుకుంది. తర్వాత అడిగింది.

"ఇంతకీ కథలో ఆవిడ రోజూ అరుగు మీద ఎందుకు కూర్చుంటుంది?"

ఎలా కూర్చుంటుందో జీవితమంతా చెప్పాడు గానీ, ఎందుకు కూర్చుంటుందని ఎవరూ అడగలేదు, తాతయ్య కూడా తనను తాను అడగలేదు. పేజీలు తిప్పాడు.

"ఎదుటి దుకాణాయన కొట్టు కట్టేసే వేళ అది. వెళ్తూ వెళ్తూ ఆగి టైమెంతయిందో చెప్పి పోతాడు."

"ఆవిడింట్లో గడియారం లేదా?"

"ఉంది. బాగానే నడుస్తుంది."

"ఓహో," అంది అమ్మమ్మ సాగదీసి. "ఇది మీకు ఇన్నేళ్లూ తెలీలేదా?"

"నేను నడుం చూశానే!"

"సిగ్గులేకపోతే సరి. మొగుడు పోయి ఏడుస్తున్న ఆడమనిషి నడుం చూస్తూ కూర్చున్నారా ఇన్నాళ్లూ!"

తాతయ్య నవ్వలేదు. తప్పు బయటపడిందని కాదు ఆయన బాధ. అంత చక్కటి కథ చేతిలో పెట్టుకుని, వేలమంది పిల్లలకి దాన్ని చూపించకుండా దాని నడుం చూపించి పంపించాడు. రేపు తానే చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. కేంద్రం వచ్చిందంటే గోడమీద పేరు చెక్కిన పలక వేయిస్తారు, ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా అది వంపే.

కబురు పెడితే శిష్యురాలు పరుగున వచ్చింది. అంతా విని కుర్చీలో కూలబడింది.

"సార్, బ్యానర్లు కట్టేశాం."

"విప్పెయ్యండమ్మా."

"నా థీసిస్ ఏమైపోవాలి సార్? 'వంపు: స్త్రీ' అని రాశాను."

"'అరుగు: స్త్రీ' అని మార్చుకో. ఇంకా బాగుంటుంది."

"జోకులొద్దు సార్, మీకు దణ్ణం పెడతాను. తప్పు మీదే కావచ్చు, కానీ సిద్ధాంతం ఇప్పుడు మనందరిదీను. దాన్ని నమ్ముకుని ఎంతమంది ఉద్యోగాల్లో ఉన్నారో మీకు తెలుసుగా. ఎప్పుడూ చెప్పేదే చెప్పండి, చాలు. ఆ అమెరికా ఆవిడ అతిథి. అతిథులు ఏమీ అనరు."

"రంగెలా వేస్తారు సార్ అని అడిగింది నువ్వే కదమ్మా."

ఆమె తల దించుకుంది. "అప్పుడు చిన్నదాన్ని సార్. బుద్ధి తెలీదు."

"అప్పుడే తెలుసమ్మా నీకు. నేనే పోగొట్టాను," అన్నాడు తాతయ్య.

సెమినార్ హాలు కిటకిటలాడింది. వేదిక వెనక 'వంపు: ఒక అంతర్జాతీయ దృక్పథం' అని బారెడు బ్యానరు. ముందు వరసలో మంజూరు పెద్దలు, అమెరికా ఆవిడ. రెండో వరసలో బ్రిటిష్ మేష్టారు, ఊతకర్ర ఆనించుకుని. చిట్టచివరి వరసలో మనవరాలు. ఆమె ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి చదువు మానేసిన మనిషి. ఇంగ్లీషు ప్రొఫెసరు కుటుంబానికి దిష్టి తగలకుండా అలాంటి వాళ్లు ఒకరుండాలి.

తాతయ్య రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఇన్నాళ్లూ మీకు తప్పు చెప్పాను. స్టూప్ అంటే ఈ నవలలో వంపు కాదు, అరుగు. ఆవిడ వంగలేదు. అరుగు మీద కూర్చుంది. అంతే. నా వ్యాసం తప్పు, నా పుస్తకం తప్పు, పరీక్షలో ప్రశ్న తప్పు. ఈ నవల చాలా మంచి కథ. దయచేసి మొదటినుంచి చదవండి."

ముందు వరస పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బ్రిటిష్ మేష్టారి మొహం మాత్రం చంద్రబింబంలా వెలిగింది. తాతయ్య గుండెల మీంచి బరువు దిగింది, ఒక్క క్షణం నడుం కూడా నిటారుగా నిలబడినట్టనిపించింది.

అప్పుడు శిష్యురాలు లేచి మైకు అందుకుంది.

"మనం ఇప్పుడు చూసిందేమిటి? ఒక మహా పండితుడు, నిండు సభలో, తన సిద్ధాంతం ముందు తానే వంగారు! వంపు అంటే ఏమిటో ఇంతకాలం సారు చెప్పారు. ఇవాళ చేసి చూపించారు!"

హాలు దద్దరిల్లింది. ముందు వరస పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమెరికా ఆవిడ కళ్లు తుడుచుకుని, అరుగుని ఈ దృష్టితో తన దేశంలో ఎవరూ చూడలేదని, ఇంటికెళ్లి మళ్లీ చూసుకోవాలని అంది. తాతయ్య మైకు లాక్కోబోయాడు.

"కాదమ్మా! అరుగు! సిమెంటు అరుగు! మీ ఇంటి ముందు ఉండేదే!"

"సిమెంటు!" అన్నాడు 'వంపు: యంత్రం' రాసినాయన పరవశంగా. "ఎంత మాటన్నారు సార్!"

"ఈ హాల్లో అసలు నవల చదివినవాళ్లు ఒక్కరన్నా ఉన్నారా? చెయ్యెత్తండి!" అని అరిచాడు తాతయ్య. చప్పట్ల హోరులో అదెవరికీ వినబడలేదు. వినబడినా ఎత్తేవాళ్లెవరూ లేరు. అమెరికా ఆవిడ చెయ్యి కూడా ఒళ్లోనే ఉంది, పాపం ఆవిడ ఆ రచయిత పేరు ఇక్కడికి వచ్చాకే విందట.

కేంద్రం మంజూరయింది. ఆ ఏడాది పరీక్షలో ప్రశ్న మారింది: 'వంపునకును అరుగునకును గల అభేదమును నిరూపింపుము.' గైడువాళ్లు పదిరోజులు తిరగకుండా కొత్త జవాబు అచ్చేశారు. బ్రిటిష్ మేష్టారు ఇంటికొచ్చి, ఓదార్చడానికి వచ్చినట్టు కూర్చుని, చాలాసేపు నవ్వి వెళ్లాడు. వెళ్లేముందు మాత్రం గుమ్మంలో ఆగి అన్నాడు.

"నువ్వు చెప్పావయ్యా. నేనైతే చెప్పేవాణ్ణి కాదు."

తాతయ్య రెండుసార్లు కేంద్రానికి వెళ్లి పలక మార్చమని అడిగాడు. రెండుసార్లూ ఆయన వినయాన్ని మెచ్చుకుని, కూల్‌డ్రింక్ ఇచ్చి, ఫొటో తీసుకుని పంపించారు. మూడోసారి వెళ్లలేదు.

ఇంత గొప్ప మనిషి చరిత్ర ఎవరూ రాయకపోతే ఎలాగని మనవరాలు ఇదంతా రాసి, చివరిదాకా తాతయ్యకు చదివి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోనని ఆమె భుజం మీద తట్టింది.

"తాతయ్యా, ఎలా ఉంది?"

"ఆ నవల చదివావా?"

"లేదు. దేనికి? కథంతా నీ దగ్గర విన్నాగా."

"అయితే నీకు డిగ్రీ ఎందుకే, తిన్నగా వెళ్లి ఆ కేంద్రంలో డైరెక్టరుగా చేరిపో," అన్నాడు తాతయ్య.